చిన్న కుక్కకు ఇంటి వంటా, ప్యాకెట్ ఆహారమా?

ఇంట్లో పెంచుకునే కుక్కకు ఏం పెట్టాలన్న చర్చ మొదలైతే సాధారణంగా రెండు పక్షాలు తయారవుతాయి. కళ్లెదుట వండినది తాజాగా, కల్తీ లేకుండా ఉంటుంది కాబట్టి ఇంటి వంటే మేలని ఒక పక్షం వాదిస్తుంది. పోషకాలన్నీ లెక్కగట్టి తయారుచేస్తారు కాబట్టి ప్యాకెట్ ఆహారమే సురక్షితమని రెండో పక్షం అంటుంది. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఈ వాదనల్లో కుక్క ఎంత పెద్దదన్న విషయం దాదాపుగా ప్రస్తావనకు రాదు. చివావా, పొమేరేనియన్, యార్క్‌షైర్ టెరియర్, షిట్జు, మినియేచర్ ష్నాజర్ వంటి చిన్న జాతుల విషయంలో మాత్రం నిర్ణయం చాలావరకు దానిమీదే ఆధారపడుతుంది. రోజు మొత్తానికి గుప్పెడు తిండి తినే జీవికి ఆ గుప్పెట్లోనే అన్ని పోషకాలూ అందాలి. అందులో తేడా వస్తే సర్దుకునే వెసులుబాటు దానికి చాలా తక్కువ.

ముందుగా శక్తి లెక్క చూడాలి. కుక్క కదలకుండా పడుకున్నా దాని శరీరానికి ఎంత శక్తి కావాలో అంచనా వేయడానికి పశువైద్యులు ఒక సూత్రం వాడతారు: కిలోల్లో ఉన్న బరువుకు 0.75 ఘాతం కట్టి, వచ్చినదాన్ని 70తో గుణిస్తారు. ఆ ప్రకారం 3 కిలోల కుక్కకు రోజుకు సుమారు 160 కిలోక్యాలరీలు, 30 కిలోల కుక్కకు సుమారు 900 కిలోక్యాలరీలు అవసరమవుతాయి. బరువు పదింతలైనా అవసరం ఆరింతలు కూడా కాలేదు. అంటే కిలో బరువుకు పెద్ద కుక్క 30 కిలోక్యాలరీలతో సరిపెట్టుకుంటుంటే చిన్నది 53 ఖర్చు చేస్తోంది. ఇంట్లో ఓ మాదిరిగా తిరిగే వయోజన కుక్కకు ఈ అంకెకు 1.2 నుంచి 1.6 రెట్లు కావాలి. మధ్యస్థంగా 1.4 రెట్లు అనుకుంటే 3 కిలోల కుక్కకు రోజుకు 220 కిలోక్యాలరీలు సరిపోతాయి.

ఈ 220 అన్న అంకెను మనసులో పెట్టుకుంటే మిగతా విషయాలు చాలావరకు వాటంతట అవే తేలతాయి. చిరుతిళ్ల వాటా రోజు మొత్తంలో 10 శాతం దాటకూడదని పశుపోషణ నిపుణులు చెబుతారు. ఈ కుక్క విషయంలో అది 22 కిలోక్యాలరీలు. టీతో పాటు తినే 15 గ్రాముల తీపి బిస్కట్ ఒక్కదానిలోనే సుమారు 70 ఉంటాయి. ఆ ఒక్క బిస్కట్ పెడితే కుక్క రోజు ఆహారంలో దాదాపు మూడో వంతు పిండి, చక్కెర, నూనెలకే పోతుంది. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే మనిషి విషయంలో అది 600 దాటిన చిరుతిండితో సమానం. ఇంటిల్లిపాదీ తలా ఒక ముక్క పెట్టే ఇంట్లో కుక్క లావెక్కితే తప్పు ప్యాకెట్ ఆహారానిదీ కాదు, ఇంటి వంటదీ కాదు. గిన్నె బయట పడుతున్న తిండిని ఎవరూ లెక్కించకపోవడమే అసలు కారణం.

ఇక ఇంటి వంట సంగతి. ఎక్కువ ఇళ్లలో కుక్కకు వండిపెట్టేది ఉడికించిన చికెన్, అన్నం, వీలైతే కాసిని క్యారట్ ముక్కలు. చూడటానికి ఇంతకంటే శుభ్రమైన భోజనం ఉండదనిపిస్తుంది, కుక్క కూడా ఇష్టంగా తింటుంది. దాన్ని తూకం వేసి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. తోలు తీసి ఉడికించిన చికెన్ బ్రెస్ట్ 80 గ్రాములు, అన్నం 70 గ్రాములు కలిపితే దాదాపు 220 కిలోక్యాలరీలు వస్తాయి; శక్తి సరిపోయింది, ప్రోటీన్ కూడా సమృద్ధిగా ఉంది. కాల్షియం మాత్రం రెండింటిలో కలిపి 20 మిల్లీగ్రాములకు మించదు. వయోజన కుక్కల ఆహారానికి అమెరికాలోని ఆఫ్కో సంస్థ నిర్దేశించిన కనీస ప్రమాణం ప్రకారం ప్రతి 1000 కిలోక్యాలరీలకు 1.25 గ్రాముల కాల్షియం ఉండాలి. ఆ లెక్కన మన కుక్కకు రోజుకు 275 మిల్లీగ్రాములు కావాలి. అందుతున్నది అందులో పదో వంతు కూడా లేదు. పైగా మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ. ఆహారంలో కాల్షియం ఫాస్ఫరస్‌తో సమానంగానో, రెండింతల దాకానో ఉండాల్సింది పోయి, చికెన్ బ్రెస్ట్‌లో ఫాస్ఫరసే పదింతలకు మించి ఉంటుంది.

ఈ లోటు కొన్ని వారాల్లో కనిపించదు, ప్రమాదం అక్కడే ఉంది. రక్తంలో కాల్షియం తగ్గే సూచన కనిపించగానే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోని నిల్వను కరిగించి రక్తంలోకి పంపిస్తాయి. అందువల్ల రక్తపరీక్ష చేయించినా కాల్షియం మామూలుగానే ఉన్నట్టు కనిపించవచ్చు. అదే సమయంలో ఎముక పలచబడుతూ ఉంటుంది. నెలల తరబడి ఇలాగే సాగితే దవడ ఎముక మెత్తబడి పళ్లు కదలడం, చిన్న గెంతుకే కాలు విరగడం వంటివి జరుగుతాయి. సోఫా మీది నుంచి దూకితేనే ముంగాలు విరిగే అవకాశం ఉన్న సన్నని ఎముకల జాతులకు ఇది మరీ ప్రమాదం. ఎదిగే కుక్కపిల్లల్లో ఈ నష్టం ఇంకా త్వరగా, ఇంకా తీవ్రంగా జరుగుతుంది.

కాల్షియం లోటు తీర్చడం కష్టమేమీ కాదు. శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, మెత్తగా దంచిన కోడిగుడ్డు పెంకు పొడిలో సుమారు 38 శాతం కాల్షియమే కాబట్టి, ఈ కుక్కకు రోజుకు 0.7 గ్రాముల పొడి సరిపోతుంది. అది టీస్పూనులో ఎనిమిదో వంతుకు అటూఇటూగా ఉంటుంది. ఇక్కడే చిన్న కుక్క తన ఇబ్బంది చూపిస్తుంది. 30 కిలోల కుక్కకు పొడి అర గ్రాము ఎక్కువైనా తక్కువైనా పెద్ద తేడా ఉండదు, ఈ కుక్కకు మాత్రం అదే అర గ్రాము రోజు మోతాదులో మూడింట రెండు వంతులు. వంటింటి తూకం యంత్రాలు సాధారణంగా గ్రాము కంటే తక్కువను చూపించవు. కాబట్టి వారం రోజుల వంటకు కావలసినంత పొడిని, అంటే 5 గ్రాములను, ఒకేసారి తూచి మొత్తం వంటలో బాగా కలిపేయడమే నమ్మదగిన పద్ధతి.

కాల్షియం ఒక్కటి సరిచేస్తే పని పూర్తయిపోదు. చికెన్, అన్నం, కూరగాయలతో వండే భోజనాల్లో జింక్, రాగి, అయోడిన్, విటమిన్ ఇ, విటమిన్ డి, కోలిన్, ఒమేగా-3 కొవ్వులు తరచుగా తక్కువ పడతాయి. వీటిలో విటమిన్ డి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మనుషుల్లా కుక్కలు ఎండ తగిలితే చర్మంలో దాన్ని సరిపడా తయారుచేసుకోలేవు. అవి ఆహారం మీదే ఆధారపడతాయి. ఎండలో తిప్పుతున్నాం కదా అన్న భరోసా ఇక్కడ పనికిరాదు. అలాగని మనుషుల మల్టీవిటమిన్ మాత్రను చిదిపి కలపడమూ మంచిది కాదు, ఎందుకంటే 60 కిలోల మనిషికి ఉద్దేశించిన మోతాదు 3 కిలోల శరీరానికి విషం కావచ్చు.

పుస్తకాల్లోనో ఇంటర్‌నెట్‌లోనో దొరికే వంటకాలను అనుసరిస్తే ఈ బాధ తప్పుతుందనుకోవడం సహజం. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పశువైద్య పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి 200 వంటకాలను పరిశీలించారు. వాటిలో 95 శాతం వంటకాల్లో కనీసం ఒక అత్యవసర పోషకం చాలినంత లేదని, 83 శాతానికి పైగా వంటకాల్లో ఒకటికి మించి పోషకాలు తక్కువ పడ్డాయని తేలింది. రోజుకో వంటకం మార్చి పెడితే వారం మొత్తం మీద సరిపోతుందన్న నమ్మకం కూడా నిలవదు. చాలా వంటకాల్లో లోటు పడేది అవే పోషకాలు కాబట్టి ఎన్ని మార్చినా ఆ లోటు అలాగే మిగులుతుంది. నిపుణులు రాసిచ్చిన సరైన వంటకం చేతిలో ఉన్నా కాలం గడిచేకొద్దీ అది మారిపోతుంటుంది. ఒకరోజు నూనె దొరకలేదని మానేస్తారు, ఇంకోరోజు కుక్క వాసన చూసి మొహం తిప్పుకుందని సప్లిమెంట్ పొడి తగ్గిస్తారు, కొన్నాళ్లకు మిగిలేది చికెన్, అన్నం మాత్రమే. ఇంటి వంటను ఎంచుకునేవారు తమను తాము అడగాల్సిన ప్రశ్నల్లో వంట చేయగలమా అన్నది చిన్నది. ఏడాది తర్వాత కూడా అదే తూకంతో వండగలమా అన్నదే అసలు ప్రశ్న.

ప్యాకెట్ ఆహారం ఈ భారాన్ని తన మీద వేసుకుంటుంది. లేబుల్ మీద ఉండే 'సంపూర్ణ, సమతుల ఆహారం' అన్న ప్రకటనకు నిర్దిష్టమైన అర్థం ఉంది: వేరే ఏమీ పెట్టకుండా కుక్కను దాని మీదే పోషించవచ్చని దాని భావం. ఆఫ్కో ప్రమాణాల్లో తేమ తీసేసిన లెక్కన వయోజన కుక్కల ఆహారంలో కనీసం 18 శాతం ప్రోటీన్, 5.5 శాతం కొవ్వు ఉండాలి. ఎదిగే పిల్లలకు, పాలిచ్చే తల్లులకు అవి 22.5, 8.5 శాతం. అందుకే ఆ ప్రకటన ఏ వయసు కుక్కలకు వర్తిస్తుందో చదవడం తప్పనిసరి. ఆ మాట లేకుండా 'అప్పుడప్పుడూ పెట్టడానికి' అనో 'అనుబంధ ఆహారం' అనో ఉంటే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా అది చిరుతిండి కిందే లెక్క. ఈ ప్రమాణాన్ని అందుకోవడానికి ఒక దారి పోషకాలను లెక్కగట్టి చూపడం, మరో దారి కుక్కలకు పెట్టి పరీక్షించడం. వయోజన ఆహారానికి జరిపే ఆ పరీక్షలో కనీసం 8 కుక్కలు, 26 వారాలు ఉంటే చాలు. జీవితాంతం ఆరోగ్యంగా ఉంటుందనడానికి అది రుజువు కాదు. తీవ్రమైన లోటు లేదనడానికి మాత్రం అది ఆధారం. ఆ సంగతిని ఉన్నదున్నట్టు తెలుసుకుని నమ్మడం మంచిది.

ఫ్యాక్టరీలూ తప్పులు చేస్తాయి. 2007లో ఉత్తర అమెరికాలో మెలమిన్ కలిసిన గోధుమ గ్లూటెన్ వల్ల ఎన్నో పెంపుడు జంతువులు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయాయి. పరీక్షలో ప్రోటీన్ ఎక్కువ కనిపించడానికి కలిపిన రసాయనం అది. 2019లో విటమిన్ డి మోతాదు మించిన డబ్బా ఆహారాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ధాన్యం లేని, బఠానీలూ పప్పులూ ఎక్కువగా ఉన్న ఆహారాలకూ గుండె కండరం బలహీనపడే జబ్బుకూ సంబంధం ఉందేమోనని 2018 జూలైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దర్యాప్తు మొదలుపెట్టింది; తన దగ్గరికి వచ్చిన ఫిర్యాదులు కారణాన్ని నిర్ధారించడానికి చాలవని 2022 డిసెంబరులో చెప్పింది. ధాన్యం కుక్కకు అసలు సరిపడదన్న ప్రచారానికి మాత్రం ఆధారం బలహీనం. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు కుక్కల్లో తోడేళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉందని 2013లో వెలువడిన జన్యు పరిశోధన చూపింది. ఈ ఘటనలన్నింటినీ ఇంటి వంటకు అనుకూలమైన సాక్ష్యంగా చూపేవారు ఒక తేడాను మరిచిపోతారు: ఫ్యాక్టరీ తప్పు వేల కుక్కలకు ఒకేసారి తగులుతుంది కాబట్టి ఎప్పటికైనా బయటపడుతుంది, వంటింట్లో జరిగే తప్పు ఒకే కుక్కకు నెమ్మదిగా తగులుతుంది, దాన్ని పట్టుకునే వ్యవస్థ ఏదీ లేదు.

లేబుల్ మీద అంకెలను యథాతథంగా పోల్చడం ఇంకో పొరపాటు. డ్రై ఫుడ్‌లో సుమారు 10 శాతం, వెట్ ఫుడ్‌లో 75 నుంచి 80 శాతం దాకా తేమ ఉంటుంది. డ్రై ఫుడ్ ప్యాకెట్ మీద 26 శాతం ప్రోటీన్ అనీ, వెట్ ఫుడ్ డబ్బా మీద 9 శాతం అనీ చూసి రెండోది నాసిరకం అనుకుంటారు. నీరు తీసేసి లెక్కిస్తే మొదటిది 29 శాతం అవుతుంది. 78 శాతం తేమ ఉన్న రెండోది 41 శాతం దాకా వస్తుంది. పదార్థాల జాబితా కూడా నీటితో కలిపిన బరువు ప్రకారమే ఉంటుంది కాబట్టి, మొదట చికెన్ అని రాసి ఉన్నంత మాత్రాన అందులో ఎక్కువ భాగం మాంసమే అనుకోనవసరం లేదు.

డ్రై ఫుడ్ కొనే చిన్న కుక్కల యజమానులు దాదాపు అందరూ పట్టించుకోని విషయం ప్యాకెట్ పరిమాణం. 100 గ్రాములకు 370 కిలోక్యాలరీలు ఇచ్చే డ్రై ఫుడ్ అయితే మన 3 కిలోల కుక్క రోజుకు 60 గ్రాములే తింటుంది. కలిసివస్తుందని 10 కిలోల సంచి తెస్తే అది ఐదున్నర నెలలు వస్తుంది. మూత తీసిన నాటి నుంచి గాలి, వేడి, తేమ తగిలి గుళికల పైపూత కొవ్వు ముక్కిపోవడం, విటమిన్లు తగ్గిపోవడం మొదలవుతుంది. నెల, నెలన్నరలోపు వాడేయడం మంచిదని సాధారణ సలహా. నాలుగో నెలలో కుక్క గిన్నె వైపు చూడకపోతే గారాబం అనుకుని పైన ఇంట్లో వండిన మాంసం కలపడం మొదలుపెడతారు. చాలాసార్లు దాని ముక్కు సరిగ్గానే చెబుతోంది. ఈ కుక్కకు 2 కిలోల సంచి నెలకు సరిపోతుంది. తిండిని డబ్బాలోకి ఒంపేయకుండా సంచితో సహా డబ్బాలో పెట్టుకుంటే గడువు తేదీ, బ్యాచ్ నంబరు కూడా చేతిలో ఉంటాయి.

చిన్న జాతుల జబ్బులు కూడా ఈ ఎంపికను ప్రభావితం చేస్తాయి. పెద్ద దవడ ఉన్న కుక్కకైనా బొటనవేలంత దవడ ఉన్న కుక్కకైనా పళ్లు 42. ఆ ఇరుకులో చిగుళ్ల జబ్బులు త్వరగా వస్తాయి. డ్రై ఫుడ్ పళ్లను శుభ్రం చేస్తుందన్న మాట మామూలు గుళికల విషయంలో పెద్దగా నిజం కాదు. కొరకగానే అవి పొడి అయిపోతాయి కాబట్టి చిగురు దగ్గరి పాచిని తాకవు. పళ్ల కోసమే ప్రత్యేకంగా తయారైన పెద్ద గుళికలు కొంత మేలు చేస్తాయి, బ్రష్‌తో తోమడం అంతకంటే మేలు. మినియేచర్ ష్నాజర్ల రక్తంలో కొవ్వు పెరిగే ధోరణి ఉంది, వాటికీ యార్క్‌షైర్ టెరియర్లకూ క్లోమం వాపు వచ్చే అవకాశం ఎక్కువ. కొవ్వు ముక్కలు, వేపుడు మిగుళ్లు పెట్టే ఇంటి తిండి వాటికి నేరుగా ఆసుపత్రి దారి చూపిస్తుంది. ష్నాజర్, షిట్జు, బీషాన్ వంటి జాతుల్లో కాల్షియం ఆక్సలేట్ మూత్రాశయపు రాళ్లు తరచుగా కనిపిస్తాయి. వీటికి మూత్రం పలచబడటం మంచిది కాబట్టి వెట్ ఫుడ్ గానీ, నీరు కలిపిన తిండి గానీ, సరిగ్గా రూపొందించిన ఇంటి వంట గానీ పొడి గుళికల కంటే నయం. శ్వాసనాళం కుంగిపోయే పొమేరేనియన్లకు లావు తగ్గించడమే సగం వైద్యం.

చాలా ఇళ్లలో జరిగేది నిజానికి మూడో పద్ధతి: సగం ప్యాకెట్ ఆహారం, సగం ఇంటి వంట. రెండింటి మేలూ దక్కుతుందని ఆశిస్తారు. ప్యాకెట్ ఆహారంలో కనీసానికి మించి పోషకాలు ఉంటే అవి కొంతవరకు ఆదుకుంటాయి, కానీ ఎంత మించి ఉన్నాయో లేబుల్ చెప్పదు. విటమిన్లు, ఖనిజాలు సగానికి పలచబడే ఈ పద్ధతిని రోజూ పాటించడం అంచనా మీద నడిచే వ్యవహారం. ఇంటి ముద్ద పెట్టాలన్న తృప్తి కావాలనుకుంటే పైన చెప్పిన 10 శాతం హద్దులో, అంటే ఈ కుక్కకు చికెన్ 13 గ్రాములు చొప్పున, గుళికలు ఆ మేరకు తగ్గించి పెట్టవచ్చు. అంతకు మించి పెట్టాలనుకుంటే ఆ ఇంటి వాటా కూడా దానంతట అది సంపూర్ణంగా ఉండాలి.

పూర్తిగా ఇంటి వంటే సరైన ఎంపికయ్యే సందర్భాలు ఉన్నాయి. మూత్రపిండాల జబ్బు, క్లోమం జబ్బు రెండూ కలిసి ఉండి ఏ ఒక్క ప్యాకెట్ ఆహారమూ సరిపడని కుక్క, ఆహార అలర్జీని తేల్చడానికి ఎనిమిది వారాలు ఒకే కొత్త మాంసం మీద ఉంచాల్సిన కుక్క, పళ్లన్నీ ఊడిపోయి గుళికలు ముట్టని ముసలి కుక్క అలాంటివే. ఇక్కడ చిన్న పరిమాణం కలిసివస్తుంది కూడా. వారానికి కిలో పైచిలుకు వంట సరిపోతుంది, మూడు రోజులకు కావలసింది ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. పశుపోషణలో ప్రత్యేక శిక్షణ ఉన్న వైద్యుల చేత ఆ కుక్క బరువు, వయసు, జబ్బుల ప్రకారం వంటకం రాయించుకుని, నూనెతో సహా ప్రతి పదార్థాన్నీ చెంచాలతో కాక గ్రాముల్లో తూచి వండితే, ఆ గిన్నె ఏ ప్యాకెట్‌కూ తీసిపోదు. వంటింట్లో అందుబాటులో ఉండే ప్రమాదాలను మాత్రం దూరంగా ఉంచాలి. శరీర బరువులో 0.5 శాతం ఉల్లి, అంటే ఈ కుక్కకు 15 గ్రాముల ముక్క, ఎర్ర రక్తకణాలను చిదిపేయడానికి చాలు. వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, వండిన ఎముకలు కూడదు. జైలిటాల్ అనే తీపి పదార్థం కిలోకు 0.1 గ్రాము చేరితేనే రక్తంలో చక్కెర పడిపోతుంది, కొన్ని రకాల చూయింగ్‌గమ్ ఒక్కటి చాలు.

కుక్కపిల్లల విషయంలో ఈ వ్యాసం అభిప్రాయం సూటిగా ఉంటుంది: చిన్న జాతి పిల్లకు తొమ్మిది, పది నెలలు నిండేదాకా, అంటే ఎదుగుదల పూర్తయ్యేదాకా, ఎదిగే వయసుకు తగినదని ప్రకటించిన ప్యాకెట్ ఆహారమే పెట్టాలి. కాల్షియం అవసరం ఈ దశలో రెండింతలకు మించి ఉంటుంది, పొరపాటు దిద్దుకునే సమయం ఉండదు. వారాల వయసున్న చివావా, యార్క్‌షైర్ పిల్లలు ఒక్క పూట తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోయి వణికి కూలబడే ప్రమాదం ఉంది కాబట్టి రోజుకు నాలుగు నుంచి ఆరు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. పెద్దయ్యాక ఇంటి వంటకు మారాలనుకుంటే అప్పుడు మారవచ్చు.

ఏ ఆహారం నుంచి ఏ ఆహారానికి మారినా వారం, పది రోజుల్లో కొత్తదాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. ఆ తర్వాత చూడాల్సింది బరువు. 3 కిలోల కుక్క 300 గ్రాములు పెరిగితే అది తన బరువులో పదో వంతు పెరిగినట్టే. ఎత్తుకున్నప్పుడు చేతికి ఆ తేడా తెలియదు. పసిపిల్లలను తూచే యంత్రం మీద నెలకోసారి నిలబెట్టి అంకె రాసుకోవాలి. పక్కటెముకల మీద వేళ్లతో మెల్లగా రాస్తే ఒత్తకుండానే అవి చేతికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి. ఇంటి వంట మీద ఉన్న కుక్కను ఏడాదికి రెండుసార్లు వైద్యుడికి చూపించి, బరువు గానీ జబ్బు గానీ మారిన ప్రతిసారీ వంటకాన్ని తిరగరాయించుకోవాలి.